అమావాస్య నాడు నక్క వేసిన గేలం

అమ్మ బాబోయ్, ఆ వేసవి ఎండ గురించి ఏం చెప్పమంటారు! పొద్దు సరిగా ఎక్కనే లేదు, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట బురద గట్టు అప్పుడే పెనంలా కాలిపోతోంది. చేపలన్నీ చల్లదనం కోసం లోతుకి దిగిపోయాయి. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగకి రెండు రోజులుగా ఒక్క పరిగె పిల్ల కూడా దొరకలేదు. నక్కకి మాత్రం రోజూ విందే.

దాని గేలం దాని వెనకాలే ఉంది మరి. తోకని పీత కన్నంలోకి దింపుతుంది. లోపలి పీతకి ఒళ్ళు మండి పట్టేసుకుంటుంది. ఉడుంపట్టు అంటారు గాని, పీతపట్టు దానికేం తీసిపోదు. నక్క ఒక్క గుంజు గుంజితే పీత బయట, మరుక్షణం దాని నోట్లో. అలా ఆ గట్టు మీద ఎన్ని కన్నాలు ఖాళీ అయిపోయాయో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజు మడపీత సత్తెయ్య ఇంటి వంతు వచ్చింది. అతని భార్య నూకాలు రాత్రే పాత పెంకు విడిచింది. కొత్త పెంకు ఇంకా వెన్నలా ఉంది. ఇప్పుడామె పారిపోనూ లేదు, కరవనూ లేదు. పెంకు గట్టిపడేదాకా మొగుడు గుమ్మంలో కాపలా కాయడం పీతల ఆచారం.

ఉన్నట్టుండి కన్నంలో చీకటి కమ్మింది. కుచ్చుతోక లోపలికి దిగింది.

"ఏవయ్యో, అదొచ్చేసింది!" నూకాలు మూలకి ఒదిగింది.

"నువ్వు మాటాడకే," అని సత్తెయ్య తోక ముట్టుకోకుండా గొంతెత్తాడు. "నక్కబావగారండీ, దండాలండీ! నన్నొక్కణ్ణీ తింటే మీకు పంటి కిందకైనా వస్తానాండీ?"

నక్క ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ ఏ పీతా దాన్ని పలకరించలేదు. "మరేం చెయ్యమంటావోయ్?"

"మా అన్నదమ్ములు ఏట్లో ఉన్నారండి. బాగా కండపట్టినోళ్ళు. నీళ్ళెక్కితే ఇంటికొచ్చేస్తారండి. తోక ఇంకాస్త దింపి కూర్చోండి, అందరం కలిసి పట్టుకుంటాం. ఒక్క గుంజుకి బుట్టెడు!"

"సొంత అన్నదమ్ముల్ని అప్పజెబుతావా!"

"గట్టు తగాదాలండి బాబూ. మీకు తెలీందేముంది?"

అన్నదమ్ముల తగాదా అనగానే నక్కకి ఎక్కడలేని నమ్మకం కలిగింది. తోక మొదలంటా దింపి కూలబడింది.

"ఓయ్, పోటు మొదలైంది, నీళ్ళెక్కుతున్నాయి. లేవవా?" అంది కొంగ.

"వారం కిందటే చూశాను కొంగమామా. నీళ్ళు ఆ మడచెట్టు దాకా వచ్చి ఆగిపోతాయి. ఈ గట్టెక్కవు."

వారం కిందట అష్టమి. అష్టమికి సముద్రం బద్ధకంగా ఉంటుంది, అమావాస్యకి పొంగుతుంది. ఇవాళ అమావాస్య. కొంగ ఆ మాటే చెప్పబోయింది. ఇంతలో పోటుతో చేపల గుంపొకటి వచ్చేసరికి, మాట మింగేసి చేపని పట్టింది.

నీళ్ళు మడచెట్టు దాటాయి. నక్క కాళ్ళు తడిశాయి.

"ఏవోయ్, వచ్చారా?"

"వచ్చేశారండి!" సత్తెయ్య కాళ్ళన్నీ మడవేరుకి మెలేసి, పెద్ద చేత్తో తోకని ఎముక దాకా పట్టేశాడు.

నక్క గుంజింది. రాలేదు! మళ్ళీ గుంజింది. నీళ్ళు పొట్ట దాటాయి, మెడకొచ్చాయి. అది పెట్టిన కేకకి కొంగ కొయ్యబారిపోయింది. నోట్లో చేప జారిపోయినా తెలియలేదు.

"వదులు నాయనా! ఇంకే కన్నంలోనూ తోక పెట్టను, ఒట్టు!"

"మీ ఒట్టు నీటి మీద రాతండి. అందుకే జామీను పంపుతున్నాను."

సత్తెయ్య భుజం బిగించాడు. టక్కుమని చెయ్యి మొదలంటా ఊడి తోకకే ఉండిపోయింది. నక్క గట్టెక్కి పరుగో పరుగు. ఎంత కొరికినా, నేలకేసి ఎంత కొట్టినా ఆ చెయ్యి పట్టు వదల్లేదు. ఇక ఆ తోక ఏ కన్నంలోనూ పట్టదు. అడుగు వేస్తే చాలు, వెనకాల టకటకమని చప్పుడు. అది వినగానే పీతలన్నీ మాయం.

పాటుకి నీళ్ళు తీశాయి. వెలుతురులో నూకాలు మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"అయ్యో అయ్యో! నీ చెయ్యేదయ్యా?"

"కాపలాకి పంపేనే. పెంకు మారినప్పుడు కొత్తది మొలుస్తుందిలే."

నూకాలు నమ్మలేక బావురుమంది. అప్పుడే మడ అడవి అవతల నుంచి వినబడింది. టక... టక... టక.

అష్టమి నీళ్ళు చూసి అమావాస్య గట్టున కూర్చోకూడదు.