గాలి కనపడని రోజులు

హేమావతికి ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే గుబులు. ఏడాది పాటు కష్టపడి తయారుచేసిన రిపోర్టు, రాత్రికల్లా బ్యాంకుకు పంపాలి. గురువుగారు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టి, "కొండ ఎక్కొద్దాం పద పాపా" అన్నారు.

గురువుగారంటే కాషాయం కట్టుకున్న స్వామి అనుకునేరు. అలాంటిదేం లేదు. ఆయన పేరు కుళ్ళాయప్ప, గాలిని కొలిచే ఇంజనీరు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లలంతా గురువుగారూ గురువుగారూ అని ఆయన్ని విసిగించి విసిగించి చివరికి ఆ పేరే ఖాయం చేశారు. డెబ్బై దాటినా భుజాన తువ్వాలు వేసుకుని, చేతికర్ర పట్టుకుని గుట్టలన్నీ ఎక్కుతారు. వద్దని చెబితే వినే మనిషి కాదు.

అది అనంతపురం వైపు, వేరుశనగ వేసి వేసి రైతులు విసిగిపోయిన చోటు. కింద ఊళ్ళో ఒక సంఘం పెట్టుకుని, కొండ మీద ఆరు గాలిమరలు నిలబెట్టుకుందామని బ్యాంకును అప్పు అడిగారు. బ్యాంకు సంగతి మీకు తెలియంది కాదు. మా కొండ మీద గాలికి మనిషి నిలబడలేడు సార్ అని చెబితే, నవ్వి టీ ఇప్పిస్తారు గానీ అప్పు ఇవ్వరు. ఏడాది కొలిచి చూపించమన్నారు.

అలా వచ్చింది లైడార్ అనే తెల్ల పెట్టె. నేల మీద కూర్చుని ఆకాశంలోకి లేజర్ వెలుగు వదులుతుంది. పైన గాలితో పాటు కొట్టుకుపోయే సన్నటి దుమ్ముకు తగిలి ఆ వెలుగు వెనక్కి వస్తుంది. దుమ్ము ఎంత జోరుగా పోతోందో చూసి గాలి వేగం చెప్పేస్తుంది. పెద్ద స్తంభం పాతే పని లేదు, ఎవరూ పైకి ఎక్కే పని లేదు. ఆ పెట్టెతో పాటే వచ్చి, ఊళ్ళో గది తీసుకుని ఉండిపోయింది హేమావతి.

ఊరు ఆ పిల్లను పరాయిదానిలా చూడలేదు. సంఘం పెద్ద నరసమ్మక్క మొదటి వారంలోనే హోటలు కూడు మాన్పించింది. జ్వరమొస్తే పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసింది. "మా గాలి కోసం వచ్చిన పిల్లవి, మేం కాకపోతే ఎవరు చూస్తారు" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా, ఎలాగైనా వీళ్ళకు అప్పు ఇప్పించి తీరాలని హేమావతికి అనిపించేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆరు మరల్లో నాలుగు కొండ నెత్తిన రావాలి. మిగిలిన రెండూ దక్షిణం గుట్ట మీద, నరసమ్మక్క వాళ్ళ పొలాల్లో. నెత్తిన కొలత బ్రహ్మాండంగా అయింది. పెట్టెను దక్షిణం గుట్టకు మార్చారో లేదో, వానలు పట్టుకున్నాయి. వాన వెలిసిన తర్వాత గాలి కడిగిపెట్టినట్టు ఉండేది. దుమ్ము లేకపోతే పెట్టెకు ఏమీ కనపడదు. హేమావతి చున్నీ ఎగిరిపోతూ ఉంటే, పెట్టె మాత్రం ఏమీ రాయకుండా కూర్చునేది. వారాలకు వారాలు అలా ఖాళీలు పడిపోయాయి.

ఆ ఖాళీలను ఆమె నెత్తిన కొలిచిన అంకెలతో లెక్కగట్టి పూడ్చింది. అది తప్పేం కాదు, ఈ పనిలో అందరూ చేసేదే. కాకపోతే ప్రతి అంకె పక్కనా దాని మీద ఎంత అనుమానం ఉందో కూడా రాయాలి. చూసి రాసినచోట అనుమానం తక్కువ, లెక్కగట్టి రాసినచోట ఎక్కువ. అప్పిచ్చేవాళ్ళు ఆ అనుమానం మేరకు గాలిని కోసేసి, మిగిలినదాని మీదే అప్పిస్తారు. దక్షిణం గుట్ట అనుమానం ఉన్నదున్నట్టు రాస్తే ఆ రెండు మరలకూ అప్పు పుట్టదు. హేమావతి ఆరింటికీ ఒకటే రాసేసింది, నెత్తిన ఉన్న ఆ తక్కువ అనుమానమే.

"ఆరింటికీ ఒకటే అనుమానం రాసినావే" అన్నారు గురువుగారు, కొండ ఎక్కుతూ.

"ఏడాదిగా ఇక్కడే ఉన్నాను సార్. ఈ గాలి నాకు తెలుసు. ఆ గుట్ట మీద కూడా బాగానే వీస్తుంది."

"వీస్తుందేమో."

"ఏమో కాదు సార్, వీస్తుంది. మనమే అనుమానం అనుమానం అని రాసుకుంటే వాళ్ళు మనల్నెందుకు నమ్ముతారు? కొలవమని పంపితే కొలవడం చేతకాలేదంటారు."

గురువుగారు తల ఊపి ఊరుకున్నారు. వాదిస్తే ఎదురు వాదించడానికి ఆమె సిద్ధంగానే ఉంది. ఆయన వాదించకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక ఆయన కర్ర వెనకే నడిచింది.

పైకెక్కి కాసేపు కూర్చున్నారు. ఎండ చల్లబడింది. దిగేటప్పుడు దక్షిణం గుట్ట దారి పట్టారు. నాలుగడుగులు వేశాక గురువుగారు ఆగి, భుజమ్మీది తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చారు.

"ఇది నా కండ్లకు కట్టు."

"ఎందుకు సార్?"

"కట్టు చెప్తా."

కట్టింది. ఆయన చెయ్యి చాపారు.

"ఇప్పుడు నన్ను కిందికి తీసుకుపో."

హేమావతి దిగువకు చూసింది. "ఈ దారిలోనా? సార్, పడితే ఈ వయసులో ఎముక అతకదు."

"అవును, అతకదు" అన్నారు ఆయన నింపాదిగా. ముడి విప్పమని మాత్రం అనలేదు.

ఇంక చేసేదేముంది. చెయ్యి పట్టుకుని బయల్దేరింది. ఎడమకు రండి, ఇక్కడ రాయి, ఇప్పుడు బాగుంది, ఇదీ బాగుంది, రండి రండి. నోరు ఆగకుండా చెబుతూనే ఉంది. అయినా ముసలాయన ఆమె చెప్పిన ప్రతిచోటా ముందు కర్రతో పొడిచి, తర్వాత కాలితో తడిమి, అప్పుడు గానీ అడుగు వెయ్యడం లేదు. చెయ్యి ఆమె చేతిలో ఉందన్న మాటే గానీ బిగుసుకుపోయి ఉంది.

కాసేపటికి ఆమె చిన్నబుచ్చుకుంది.

"నేను సరిగ్గానే చెబుతున్నాను కదా సార్?"

"చెబుతున్నావు."

"మరి నమ్మరేం?"

ఆయన మళ్ళీ కర్రతో పొడిచి అడుగేశారు.

గుట్ట నడుముకు వచ్చేసరికి దారి మీద గడ్డి పెరిగిపోయి ఉంది. మోకాలు దాటిన బోదగడ్డి, వానలకు అడ్డూ ఆపూ లేకుండా పెరిగింది. కింద నేల కనపడదు. హేమావతి ఆ దారిన ఎన్నోసార్లు తిరిగింది. ఏం పర్లేదు రండి అని చెప్పబోయింది. మాట నోటిదాకా వచ్చింది.

అప్పుడు తన చేతిలో ఉన్న చెయ్యి వైపు చూసింది. సన్నటి చెయ్యి, నరాలు తేలి, లోపలి ఎముకలన్నీ తెలుస్తున్నాయి. తను ఈ దారిన వచ్చింది వానలకు ముందు; తర్వాత పెట్టె దగ్గరికి చుట్టుదారినే పోయేది. వానల తర్వాత గడ్డి కింద ఏముందో తను చూడలేదు.

"ఆగండి సార్" అంది.

"ఏమైంది?"

"ఇక్కడ నాకు కనపడడం లేదు. గడ్డి కింద రాయుందో గుంతుందో తెలియదు. మీరు కదలొద్దు, నేను ముందు చూసి వస్తాను."

కర్ర ఇప్పించుకుని గడ్డి పక్కకు తోస్తూ వెళ్ళింది. నాలుగడుగుల్లోనే వాననీళ్ళు కోసేసిన గుంత ఉంది, మోకాటి లోతు. వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"గుంత ఉంది సార్. పక్కనుంచి పోదాం."

"పోదాం పద."

గడ్డి దాటాక కర్ర తిరిగి ఇవ్వబోయింది. ఆయన అందుకోలేదు. ఎడమకు సార్ అంటే ఎడమకు వేస్తున్నారు, దిగండి అంటే దిగుతున్నారు. కాలితో తడమడం ఎప్పుడు మానేశారో ఆమె గమనించనే లేదు. ముసలాయన బరువంతా ఇప్పుడు ఆమె భుజం మీదే ఉంది. ఆ బరువు తెలిసినప్పుడు హేమావతికి కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. రెండో చేతిలో కర్ర ఉంది కాబట్టి తుడుచుకోవడానికి కూడా వీల్లేక అలాగే నడిచింది.

గుట్ట కింద నరసమ్మక్క చెంబుతో మజ్జిగ పట్టుకుని కూర్చుని ఉంది. వీళ్ళను చూసి నవ్వింది.

"ఏందమ్మా, పెద్దాయన కండ్లకు గంతలు కట్టి తోలుకొస్తివి? ఏం ఆట ఇది?" అని, వెంటనే, "రిపోర్టు అయిపోయిందంట కదా. మా గుట్ట మీద రెండు ఫ్యాన్లూ వచ్చినట్టేనా?" అంది.

హేమావతి గురువుగారిని రాయి మీద కూర్చోబెట్టింది. నరసమ్మక్క ముందు నేల మీద కూర్చుంది.

"నెత్తిన నాలుగూ వస్తాయక్కా. మీ రెండూ ఇప్పుడు రాకపోవచ్చు."

నరసమ్మక్క నవ్వు ఆగిపోయింది. "మా గుట్టకు గాలి లేదా?"

"ఉండొచ్చు. కానీ నాకు కనపడలేదక్కా. వానలప్పుడు పెట్టెకు ఏమీ కనపడలేదు. నేను లెక్కగట్టి రాశాను, చూసి రాయలేదు. చూసినట్టే రాశాను. అది మార్చేస్తాను."

నరసమ్మక్క గుట్ట వైపు చూసింది.

"మా చెల్లెలి పొలం కూడా ఆడనే ఉండాది. వచ్చేస్తాయి, వచ్చేస్తాయి అని దానికి చెప్పి పెట్టుకున్నా" అంది. గొంతులో బాధ దాచుకోలేదు.

"నేను వచ్చి చెబుతానక్కా."

"మళ్ళా ఎప్పుడు చూస్తావు?"

"పెట్టెను ఎండాకాలం దాకా ఇక్కడే ఉంచమని అడుగుతాను. అప్పుడు దుమ్ము లేస్తుంది, కనపడుతుంది. కనపడిన తర్వాత గాలి తక్కువుంటే తక్కువనే రాస్తాను. మీకు కోపమొచ్చినా సరే."

"కోపమెందుకమ్మా. అప్పు తెచ్చి ఫ్యాను పెట్టినాక, అది తిరక్కపోతే కంతులు కట్టేది నేనే కదా."

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. మామూలుగానే అని, గ్లాసులో మజ్జిగ పోసి ముందు హేమావతి చేతికే ఇచ్చింది. హేమావతి దాన్ని పట్టుకుని తాగకుండా కూర్చుంది. ఈ ఏడాదంతా నరసమ్మక్కకు అప్పు పుట్టించడం గురించే ఆలోచించింది. ఆ అప్పు నరసమ్మక్క తీర్చాలన్న సంగతి ఒక్కసారన్నా తలుచుకోలేదు.

"నాకు కూడా ఇస్తారా, ఇట్లనే కూర్చోమంటారా?" అన్నారు గురువుగారు, కళ్ళకు తువ్వాలు అలాగే ఉంచుకుని.

హేమావతి లేచి వెళ్ళి ముడి విప్పింది. బిగుసుకుపోయి అది ఒక పట్టాన రాలేదు. వచ్చేదాకా ఆయన తల వంచుకుని ఓపికగా కూర్చున్నారు. కళ్ళు చికిలించి వెలుతురుకు అలవాటు పడ్డాక, ఆమె మొహంలోకి చూశారు.

"ఇప్పుడు పోయి రాయి పాపా" అన్నారు.