పసిడి గూట్లో పట్టు పరుపు

మొగలికోన అడవిలో నెమళ్లున్నాయి, దుప్పులున్నాయి. ఉడుతలు, తొండలు, ముళ్లపందులు ఉన్నాయి. చిరుతపులి కూడా ఒకటి ఉంది కానీ దానికి ఈ కథలో పని లేదు. ఈ కథ బొటనవేలంత ఉండే ఒక తేనెపిట్టది, చింతగింజంత ఉండే ఒక సాలీడుది.

తేనెపిట్ట పేరు పసిడి. దానికి అది మొదటి కాన్పు. రేపో మాపో గుడ్లు పెట్టాలి. వాగు ఒడ్డున ఉన్న మోదుగ చెట్టు కొమ్మ చివర సంచిలాంటి గూడు కట్టుకుంది. పక్కన చిన్న గుమ్మం పెట్టింది. గుమ్మం మీద వాన చినుకు పడకుండా బుల్లి చూరు కూడా దించింది.

గూడంటే గడ్డిపరకలు, బెరడు ముక్కలు, ఎండుటాకులే కదా! అవి విడిపోకుండా పట్టి ఉంచేది మాత్రం సాలీడు దారం. ఆ దారం లేనిదే తేనెపిట్టకు ఇల్లు లేదు.

అందుకే తేనెపిట్టల్లో ఒక ఆచారం ఉంది. సాలెగూడు కనిపిస్తే ముందు దాని అంచు పోగును ముక్కుతో మూడుసార్లు మీటాలి. ఎవరూ పలకకపోతే అది పాడుబడిన గూడు. కావలసినంత దారం తెచ్చుకోవచ్చు. అవతలి నుంచి ఎవరైనా దారం లాగితే, "అక్కా, అంచు పోగు ఒకటి చాలు" అని అడగాలి. ఇస్తే తీసుకోవాలి. ఇవ్వనంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి. పసిడికి వాళ్ల అమ్మ ఎగరడం కంటే ముందు ఈ మర్యాదే నేర్పింది.

పసిడి మొగుడు నీలాంబరం. అతని మెడ నీలం, వీపు ఊదా. ఎండ పడితే చాలు, తళతళా మెరిసిపోయేవాడు. ఆ మెరుపు సంగతి అడవిలో అందరికంటే బాగా తెలిసింది అతనికే. పొద్దున లేవగానే వాగు నీళ్లలో ముఖం చూసుకునేవాడు. ఆ తర్వాత కొమ్మ మీద నిలబడి అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి పాడేవాడు. ఇంటికి ఒక్క గడ్డిపరక తెచ్చిన పాపాన పోలేదు.

ఒకనాడు పక్క చెట్టు ఉడుత రంగమ్మ ఊరుకోలేక అడిగింది. "ఏం నీలాంబరం, గూడంతా మీ ఆవిడే కట్టింది. మరి నువ్వేం కట్టావు?"

"పాట కట్టాను" అన్నాడు నీలాంబరం.

రంగమ్మ పిల్లలు ఐదుగురూ కొమ్మల మీద పడి పడి నవ్వారు. నీలాంబరానికి ముఖం మాడిపోయింది. ఈ అడవిలో ఎవరి ఇంట్లోనూ లేని వస్తువు తెచ్చి అందరి నోళ్లూ మూయించాలనుకున్నాడు. రివ్వున ఎగిరిపోయాడు.

వాగుకు అవతల ఒక నల్లరాయి ఉంది. దాని పగుల్లో కాటుక అనే సాలీడు ఉండేది. ఒళ్లంతా నల్లగా నిగనిగలాడేది. వీపు మీద ఎర్రటి బొట్టు. ఆ బొట్టు చూస్తే చాలు, అడవిలో ఎవరైనా పక్కకు తప్పుకునేవారు. కాటుక కరిస్తే అడవిదున్న కూడా మూడు రోజులు లేవదని చెప్పుకునేవారు. అలాగని కాటుక ఎవరి జోలికీ వెళ్లేది కాదు. తన ఇల్లు, తన అల్లిక, అంతే.

నీలాంబరం వెళ్లేసరికి కాటుక రాయి వెనక తెగిన పోగు అతికించుకుంటోంది. ఇంటి మధ్యలో రేగుపండంత తెల్లటి ఉండ ఒకటి వేలాడుతోంది. పట్టులా మెత్తగా, గుండ్రంగా, ముద్దొస్తూ ఉంది.

మీటాలన్న సంగతి నీలాంబరానికి గుర్తు లేకపోలేదు. "నేను మీటడమేమిటి, నేను అడగడమేమిటి? నాలాంటివాడు గుమ్మంలోకి రావడమే వాళ్లకు గొప్ప" అనుకున్నాడు. ఉండను ముక్కున కరుచుకుని వచ్చేశాడు.

దాన్ని చూసి పసిడి కళ్లు పెద్దవి చేసింది. "ఎంత బాగుంది! ఏమయ్యా, మీటావా మరి?"

"మూడుసార్లేం ఖర్మ, ఆరుసార్లు మీటాను."

"ఎవరైనా పలికారా?"

"పలకడమా! నీలాంటి అందగాడు అడగడమే పదివేలు, తీసుకెళ్లు నాయనా అంది."

పసిడి నవ్వి ఊరుకుంది. మొగుడు మొదటిసారి ఇంటికి ఏదో తెచ్చాడు. ఆ సంతోషంలో ఇంకేమీ అడగాలనిపించలేదు. ఉండను గూటి అడుగున పెట్టి, చుట్టూ దారాలతో గట్టిగా కుట్టేసింది. మర్నాడు ఆ పరుపు మీదే రెండు గుడ్లు పెట్టింది. నీలాంబరం చెట్టుచెట్టుకూ తిరిగి, "మా ఇంట్లో పట్టు పరుపు" అని చాటింపు వేశాడు.

పన్నెండు రోజులు గడిచాయి. పొదిగే గుడ్లు ఇంకో రెండు రోజుల్లో పగలాలి. గుడ్డుకు చెవి ఆనిస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. పసిడికి ఆ చప్పుడు ఎంత విన్నా తనివి తీరలేదు.

ఆ పొద్దున పసిడి నాలుగు పూల తేనె తాగి గబగబా తిరిగి వచ్చింది. గూటి చూరు కింద సన్నటి నల్లకాలు ఒకటి కనిపించింది. పక్కనే ఇంకొకటి. లోపలికి తొంగి చూస్తే ఎర్రటి బొట్టు.

"అయ్యో, నా గుడ్లు!" అని అరిచింది పసిడి. "లోపల కాటుక ఉంది! గుడ్లు చల్లబడిపోతే నా పిల్లలు బతకరు. ఎవరైనా రండి!"

ఆ అరుపుకు అందరూ మోదుగ చెట్టు చుట్టూ చేరారు. ముందుగా తొండ మామ వచ్చాడు. తల పైకీ కిందికీ ఊపుతూ, "సాలీడేగా! ఇవాళ పొద్దున్నే ఫలహారం దొరికింది. తప్పుకోండి" అన్నాడు. చరచరా కొమ్మ చివరికి పాకాడు. గుమ్మంలోంచి ఎర్ర బొట్టు చూశాడు. మెడ మీది ఎరుపు కాస్తా బూడిదరంగుకు తిరిగింది. "అరెరే, ఇవాళ నాకు ఉపవాసం కదూ! మర్చేపోయాను" అంటూ ఎక్కినంత వేగంగా దిగిపోయాడు.

ఇక అందరూ నీలాంబరం వైపు చూశారు. ఇంతమంది చూస్తుంటే అతనికి ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. "నా మెరుపు ఒక్కసారి చూస్తే దాని కళ్లు బైర్లు కమ్ముతాయి. చూస్తూ ఉండండి!" అన్నాడు. పాట అందుకుని, రెక్కలు విదిలించి, కాళ్లు ముందుకు చాచి గూట్లోకి దూకాడు.

పాట సగంలో ఆగిపోయింది. "అమ్మోయ్!" అన్న కేక వినిపించింది. మరుక్షణం నీలాంబరం దబ్బున ఎండుటాకుల మీద పడ్డాడు. కుడికాలు నేరేడుపండులా వాచిపోయింది. రంగమ్మ, పిల్లలు కలిసి అతన్ని నీడకు జరిపి పడుకోబెట్టారు.

పసిడికి ఏడుపు ముంచుకొచ్చింది. తానూ లోపలికి దూకి పొడుద్దామనుకుంది. కానీ దూకబోయే ముందు ఒక్కసారి నిదానించి చూసింది. కాటుక గుడ్ల మీద లేదు. గుడ్లను తాకనైనా తాకలేదు. వాటి కిందికి ఎనిమిది కాళ్లూ చాచి ఆ తెల్లటి ఉండను గట్టిగా కావలించుకుని ఉంది. ఆ కాళ్లు వణుకుతున్నాయి.

ఇది కరవడానికి వచ్చింది కాదు, భయపడుతోంది అని పసిడికి అర్థమైంది. అమ్మ నేర్పిన మర్యాద గుర్తొచ్చింది. మెల్లగా చూరు మీద వాలింది. గుమ్మం అంచు పోగును ముక్కుతో మీటింది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.

కింద నిలబడ్డవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. "దానికి మతి పోయిందా? తన ఇంటి తలుపు తానే తడుతోందేమిటి?" అంది రంగమ్మ.

లోపలి నుంచి పోగు ఒకసారి లాగినట్టు కదిలింది.

"అక్కా, నా పేరు పసిడి. ఈ ఇల్లు నాదే. లోపలికి రావచ్చా?"

సన్నటి గొంతు వినిపించింది. "నీ ఇంటికి రావడానికి నువ్వు నన్ను అడిగావు. నేనేమో నిన్ను అడగకుండానే వచ్చి కూర్చున్నాను."

"ఎందుకొచ్చావక్కా?"

"నా పిల్లల కోసం. పన్నెండు రోజులుగా రాయి రాయీ చెట్టు చెట్టూ వెతుకుతున్నాను. నిన్న నీ మొగుడి చాటింపు చెవిన పడింది."

"పిల్లలా! ఎక్కడ?"

"నీ గుడ్ల కింద. ఈ ఉండలో నా పిల్లలు మూడు వందల మంది ఉన్నారు."

పసిడి నిర్ఘాంతపోయింది. మెడ వంచి కిందికి చూసింది. "ఏమయ్యా! ఆరుసార్లు మీటానన్నావే?"

నీలాంబరం ఒక కన్ను తెరిచాడు. "ఒక్కసారి కూడా మీటలేదే" అని మళ్లీ ఆ కన్ను మూసుకున్నాడు.

సిగ్గుతో పసిడి తల వాలిపోయింది. "తప్పు మాదేనక్కా. నేను సంబరంలో పడి గట్టిగా అడగలేదు. ఇన్నాళ్లూ నీ పిల్లల మీద పడుకున్నాను."

"వెచ్చగానే ఉన్నారులే" అంది కాటుక. "ఉండను పీక్కుని పోదామనే వచ్చాను. కానీ నువ్వు దాన్ని గూటికి కుట్టేశావు. లాగితే అడుగు ఊడిపోతుంది. నీ గుడ్లు కింద పడి పగిలిపోతాయి. ఏం చేయాలో తోచక ఇలా కూర్చున్నాను. ఇంతలో నీ మొగుడు నా నెత్తి మీదకి దూకాడు."

తన గుడ్ల కోసం ఇది ఆగిందా! పసిడి కళ్లలో నీళ్లు తిరిగాయి. భయమంతా ఎటో పోయింది.

"అక్కా, కుట్టింది నేనే. కుట్లు విప్పడం నాకు వచ్చు. అల్లడం నీకు వచ్చు. నేను ఒక్కొక్క పోగూ విప్పుతుంటే, నువ్వు గుడ్ల కింద కొత్త అడుగు అల్లగలవా?"

"అల్లగలను. కానీ నీ ముక్కు నా కోరల పక్కనే తిరగాలి. పర్వాలేదా?"

"నీ పిల్లలు నా ముక్కు కిందే ఉంటారు. నీకు పర్వాలేదా?"

కాటుక నవ్వింది. సాలీడు నవ్వడం మొగలికోనలో ఎవరూ అంతకుముందు వినలేదు.

పసిడి లోపలికి వెళ్లి రెక్క ఒకటి గుడ్ల మీద కప్పింది. సూదిలాంటి వంపు ముక్కుతో ఒక పోగు విప్పింది. విప్పిన చోట కాటుక రెండు పోగులు వేసింది. ఒకటి విప్పడం, రెండు వేయడం. ఇద్దరూ ఊపిరి బిగబట్టి పని చేశారు. కింద తొండ మామ తల ఊపడం కూడా మానేశాడు. చివరి కుట్టు ఊడేసరికి గూడు ఒక్కసారి ఊగింది. అందరూ "అయ్యో" అన్నారు. కొత్త అడుగు ఇంత కూడా కదలలేదు. రెండు గుడ్లూ దాని మీద హాయిగా దొర్లి ఒకదానికొకటి ఆనుకున్నాయి. రంగమ్మ పిల్లలు కేరింతలు కొట్టారు.

కాటుక ఉండను కడుపుకు హత్తుకుని గుమ్మం దగ్గర ఆగింది. "నీ మొగుడికి భయం లేదు. పాడుకుంటూ దూకాడు కాబట్టి ఎవరో తెలిసి, పైపైనే కరిచాను. పది రోజుల్లో లేస్తాడు. ఈకల సంగతి మాత్రం చెప్పలేను."

అన్నట్టే అయింది. రెండు రోజులకు గుడ్లు పగిలి, నోరు తెరిస్తే ఒళ్లంతా నోరే అనిపించే పిల్లలు రెండు బయటికొచ్చాయి. పది రోజులకు నీలాంబరం లేచాడు. కానీ మెరిసే ఈకలన్నీ రాలిపోయి, మట్టిరంగు ఈకలు వచ్చాయి. వాగులో ముఖం చూసుకుని ఎవరో అనుకుని భయపడ్డాడు. రంగమ్మ అయితే, "బాబూ, ఊరికి కొత్తా?" అని అడిగింది.

మెరుపు పోయాక నీలాంబరానికి బోలెడంత తీరిక దొరికింది. పొద్దంతా పురుగులు ఏరి తెచ్చి పిల్లల నోట్లో పెట్టేవాడు. ఇంట్లోకి వచ్చేముందు ప్రతిసారీ గుమ్మాన్ని మూడుసార్లు మీటేవాడు. "రా నాన్నా, ఇది మన ఇల్లే" అని పిల్లలు కిలకిలా నవ్వేవారు.

ఆ పిల్లలు మొదటిసారి ఎగిరిన రోజే నల్లరాయి మీద ఉండ పగిలింది. మూడు వందల బుల్లి సాలీళ్లు తలా ఒక పోగు పట్టుకుని గాల్లోకి లేచాయి. అడవి నిండా వెండి దారాలు ఎగిరాయి. రాయి మీద కాటుక, మోదుగ మీద పసిడి తలలెత్తి, అవి కనుమరుగయ్యేదాకా చూశారు.

వానలు వెలిశాక పసిడి మళ్లీ గూడు మొదలుపెట్టింది. నీలాంబరానికి నీలం ఈకలు తిరిగొచ్చాయి. కానీ ఇప్పుడు అతను వాగు దగ్గర ఆగడం లేదు. దారం తేవడానికి పోతున్నాడు.

పై కొమ్మకు ఒక్క పోగు వేలాడుతూ కనిపించింది. "గాలికి కొట్టుకొచ్చినట్టుంది. ఎవరిదీ కాదేమో, తెచ్చెయ్యి" అంది పసిడి.

నీలాంబరం పోగు దగ్గర వాలాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా ముక్కుతో మీటాడు. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.

అవతలి నుంచి ఎవరో చిన్నగా లాగారు. ఆకు చాటు నుంచి మిరియపు గింజంత సాలీడు పిల్ల తల బయటపెట్టింది. దాని వీపు మీద బుల్లి ఎర్ర బొట్టు.

"బాబాయ్, ఒక్క పోగు చాలా? పిన్నికి ఇంకోటి కూడా ఇవ్వనా?" అంది.

నీతి: అడిగి తెచ్చుకున్న పోగు ఇంటిని నిలబెడుతుంది, అడగకుండా తెచ్చిన పట్టు పరుపు ఇంటికి ముప్పు తెస్తుంది.