బొద్దయ్య మోసిన వరద మూట

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలోంచి పారే ఒక వాగు. వాగు ఒడ్డున మెత్తటి మట్టిలో ఒక బొరియ. ఆ బొరియలో ఒక పందికొక్కుల కుటుంబం కాపురం ఉండేది. తండ్రి పేరు బొద్దయ్య. తల్లి పేరు సింగారి. వాళ్లకి ఐదుగురు పిల్లలు. అందరిలోకి చిన్నది బుడిగి.

సింగారి చిన్నతనంలో ఆ వాగు పొంగి, వాళ్ల పుట్టింటి బొరియ మునిగిపోయింది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. అందుకని ఒకరోజు పెద్ద టేకాకు తెచ్చింది. దాంట్లో వేరుశనక్కాయలు, ఎండు రేగుపళ్లు, జొన్నలు పోసింది. తీగతో గట్టిగా కట్టి, గుమ్మం దగ్గర వేలాడే వేరుకి తగిలించింది.

"ఇది వరద మూట," అంది పిల్లలతో. "వాగు నీళ్లు ఎర్రబడ్డాయంటే పైన కొండల్లో పెద్ద వాన పడినట్టు. ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, వరద వచ్చేస్తుంది. అప్పుడు వెనకాముందూ చూడకూడదు. ఈ మూట ఒక్కటి తీసుకుని, వెనక దారిన గుట్ట మీది పెద్ద బండ దగ్గరికి పరిగెత్తాలి. తెలిసిందా?"

"తెలిసింది!" అన్నారు పిల్లలు.

"తెలిసింది," అన్నాడు బొద్దయ్య. కానీ ఆయన చూపంతా మూట మీదే ఉంది.

వారానికోసారి సింగారి "ఎర్రనీళ్లు!" అని కేక పెట్టేది. పిల్లలు ఒకరి తోక ఒకరు నోటితో పట్టుకుని, వరసగా గుట్ట ఎక్కేవాళ్లు. అందరి వెనకా బొద్దయ్య రొప్పుకుంటూ ఎక్కేవాడు.

పక్క పొదలో చెంగయ్య అనే కుందేలు ఉండేవాడు. ఈ పరుగు చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"అక్కా! ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఎవరు తరుముతున్నారని ఈ పరుగు?"

"ఎవరూ తరమనప్పుడే కదా తమ్ముడూ, తీరిగ్గా నేర్చుకోగలం!" అనేది సింగారి.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం బొద్దయ్య ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. మూట కేసి చూశాడు.

"లోపల కాయలు పుచ్చిపోయాయేమో! ఇంటి పెద్దని. నేను చూడకపోతే ఎవరు చూస్తారు?" అనుకున్నాడు. మూట విప్పి ఒక వేరుశనక్కాయ తిన్నాడు. బాగుంది. "ఒకటి బాగుంటే అన్నీ బాగున్నట్టేనా?" అని అన్నీ తిని చూశాడు. అన్నీ బాగున్నాయి.

మూట తేలికైపోయింది. గబగబా కొన్ని గులకరాళ్లు తెచ్చి అందులో వేసి కట్టేశాడు.

నాలుగు రోజులు పోయాక రేగుపళ్లు గుర్తొచ్చాయి. "ఇంత ఎండలో వరదేమిటి! రేపు మళ్లీ నింపేస్తాగా," అనుకున్నాడు. రేగుపళ్లు తినేసి, ఇంకొన్ని రాళ్లు వేశాడు.

మూడోసారి జొన్నలు మిగిలాయి. బొద్దయ్య సాకు కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు. అయినా తినేశాడు.

సాయంత్రం సింగారి మూటని చేత్తో ఎత్తి చూసింది. "బరువు బాగానే ఉంది," అంది.

"మరే," అన్నాడు బొద్దయ్య. రేపు నింపుదాం అనుకున్నాడు. ఆ రేపు ఎన్ని రోజులైనా రాలేదు.

వరద మాత్రం వచ్చింది.

ఒక రోజు ఎండ మాడ్చేస్తోంది. సింగారి నీళ్లకని వాగు దగ్గరికి వెళ్లింది. నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. పుల్లలు, ఆకులు తిరుగుతూ కొట్టుకొస్తున్నాయి. పైనుంచి హోరు వినిపిస్తోంది.

"ఎర్రనీళ్లు!" అని అరిచింది.

పిల్లలు ఒకరి తోక ఒకరు పట్టేశారు. సింగారి మూట మీద చెయ్యి వెయ్యబోయింది. బొద్దయ్య ఎగిరి అడ్డం పడ్డాడు.

"నేను మోస్తాను! నువ్వు ముట్టుకోకు!"

"ఎంత మంచివాడివయ్యా!" అంది సింగారి.

అందరూ పరుగు తీశారు. బొద్దయ్య మూట వీపున వేసుకుని, మూడడుగులు ఎక్కి రెండడుగులు జారుతూ వెళ్లాడు. ఆ కేకలకి చెంగయ్య నిద్ర లేచాడు. ఎర్రటి నీళ్లు చూసి, చెవులు వెనక్కి వాల్చి, వాళ్ల వెంట దౌడు తీశాడు. అందరూ బండ ఎక్కేసరికి వరద విరుచుకుపడింది. ఒడ్డు విరిగిపోయింది. బొరియ పోయింది, పొద పోయింది. గుట్ట చుట్టూ నీళ్లే.

సింగారి పిల్లల్ని ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంది. అందరూ ఉన్నారు.

పొద్దు వాలేసరికి ఆకళ్లు మొదలయ్యాయి.

"బావా, మూట విప్పరాదూ!" అన్నాడు చెంగయ్య.

బొద్దయ్య మూట మీద కూర్చుని ఉన్నాడు. "అప్పుడేనా? రేపటికి ఉంచుదాం."

"పిల్లలు ఆకలితో ఉన్నారయ్యా!" అంది సింగారి.

"ముడి రావడం లేదు."

"అంతేనా? నేను కొరికేస్తా!" అని చెంగయ్య తీగ కొరికేశాడు. రాళ్లు టకటకమని బండ మీద దొర్లాయి.

బుడిగి ఒక రాయి తీసి కొరికింది. "అమ్మా, ఈ కాయ చాలా గట్టిగా ఉంది," అంది.

"ఎవడో దొంగ మన గింజలు ఎత్తుకుపోయాడు!" అన్నాడు పెద్దవాడు.

బొద్దయ్య అవునని తల ఊపితే సరిపోయేది. కానీ బుడిగి ఇంకో రాయి తీసి, ఇదైనా మెత్తగా ఉంటుందేమోనని కొరుకుతోంది. బొద్దయ్య అది చూడలేకపోయాడు.

"దొంగ ఎవడో కాదురా. నేనే," అన్నాడు. జరిగిందంతా చెప్పేశాడు.

సింగారి ఒక రాయి చేతిలోకి తీసుకుంది. "అయితే ఈ రాళ్లు నువ్వు ఇంత ఎత్తుకీ మోసుకొచ్చావా?"

"మోసుకొచ్చాను."

"రాళ్ల గుట్ట మీదికి?"

చెంగయ్య ఆపుకోలేక నవ్వేశాడు. పిల్లలూ నవ్వారు. అంతలో బుడిగి ఆకలికి ఏడ్చింది. నవ్వులన్నీ ఆగిపోయాయి.

బొద్దయ్య లేచాడు. బండల సందుల్లో ఉన్న కాస్త మట్టినీ తవ్వడం మొదలుపెట్టాడు. గోళ్లు అరిగి నెత్తురొచ్చింది. చీకటి పడేలోగా వేలెడేసి గడ్డి దుంపలు నాలుగు దొరికాయి. పిల్లలకి పెట్టాడు. తాను నోట వేసుకోలేదు. మర్నాడూ అంతే. మూడోనాడు సింగారి ఒక ముక్క ఆయన నోట్లో కుక్కింది.

"తిను. నీళ్లు తగ్గాక కొత్త ఇల్లు తవ్వాలి. నువ్వు పడిపోతే ఎవరు తవ్వుతారు?"

బొద్దయ్య నములుతూ ఏడ్చాడు.

నీళ్లు తగ్గాయి. ఈసారి బొరియ గుట్ట వాలులోనే, ఎత్తు మీద తవ్వుకున్నారు. పక్కనే చెంగయ్య చోటు చూసుకున్నాడు. ఇప్పుడు గుట్ట ఎక్కే పరుగులో అందరికన్నా ముందుండేది చెంగయ్యే.

సింగారి కొత్త మూట కట్టింది. తగిలించడానికి పైకి అందక అటూ ఇటూ చూస్తుంటే బొద్దయ్య వంగాడు. "నా వీపెక్కు," అన్నాడు. ఆమె ఎక్కి ఒక వేరు చూసి, "ఇక్కడ కట్టనా?" అంది.

బొద్దయ్య తల ఎత్తి చూశాడు. ముక్కు ఎగబీల్చాడు. గుటక మింగాడు.

"ఇంకాస్త పైకి కట్టవే," అన్నాడు. "అంత కిందైతే నాకు అందుతుంది."

నీతి: ఆపద కోసం దాచింది ఆపద వచ్చినప్పుడే విప్పాలి. ముందే తినేస్తే, ఆ రోజు పిల్లల ముందు పెట్టడానికి ఏమీ ఉండదు.