మంత్రిగారి నూటొక్క మూరల తలపాగా

నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. సిగ్గుపడక్కర్లేదు. పోయినసారి ఈ కథ చెప్పినప్పుడు ముగ్గురు ఎత్తారు. మొదటివాడు సగం కథలోనే చెయ్యి దించేశాడు. రెండోవాడు కథ అయ్యాక రెండు చేతులూ జోడించాడు. మూడోవాడు మొండివాడు, వాడి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. ఇప్పటికీ నిచ్చెన లేకుండా ఆ చేత్తోనే చింతకాయలు కోసుకుంటున్నాడు. కాబట్టి బాగా ఆలోచించుకుని ఎత్తండి.

ఎవరూ ఎత్తలేదు కదా? అయితే వినండి.

అనగా అనగా ఒక రాజు. మోదుగపురానికి రాజు, శంఖపాలుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గజవర్మ, నడిమివాడు హయవర్మ, చిన్నవాడు శరభవర్మ. ఆ రాజుగారికి గుణనిధి అని ఒక మంత్రి. ఆ మంత్రికి ఒక్కతే కూతురు, ఉత్పల. శరభవర్మా ఉత్పలా చిన్నప్పుడు ఒకే పలక మీద అక్షరాలు దిద్దారు. దిద్దించింది గుణనిధే.

ఇక మంత్రిగారి తలపాగా సంగతి. నూటొక్క మూరలు! నేను తగ్గించి చెబుతున్నాను సుమండీ, చివర అంచు కలపలేదు. పొద్దున్నే చుట్టడం మొదలుపెడితే చద్దన్నం వేళకి సగం చుట్టేవారు. మిగతా సగం పల్లకీలో కూర్చుని దారిపొడుగునా చుట్టుకుంటూ కొలువుకు వెళ్ళేవాడాయన.

ఆ రాజ్యంలో కట్టుబాటు ఒకటుంది. తలపాగా ఉంటేనే మంత్రి. పదవి వద్దనుకుంటే తలపాగా తీసి సింహాసనం మూడో మెట్టు మీద పెట్టాలి. అదే రాజీనామా. తలపాగా లేకుండా మంత్రి కొలువు గడప తొక్కకూడదు.

కొలువులో ఇరవై ఒక్కమంది దొరలు రెండు వరసల్లో కూర్చునేవారు. మంత్రి వరసవాళ్ళది గంధం రంగు కండువా. ఎదుటి వరసవాళ్ళది వంకాయ రంగు కండువా. ఆ ఇరవై ఒక్కమంది కాక, వంకాయ రంగు వరసకు పెద్ద పొగమల్లుడు. పైకి దొర, లోపల మాంత్రికుడు! వాడి మంత్రం ఎలాంటిదంటే, వాడు పుట్టించిన పుకారు ఒక నోటినుంచి ఇంకో నోటికి చేరినప్పుడల్లా వాడు జానెడు పొడుగు పెరుగుతాడు. ఈ కథ మొదట్లో మాత్రం పీట ఎక్కితే గాని కొలువులో ఎవరికీ కనపడేవాడు కాదు.

మంత్రిగారి తలపాగాను ఏడాదికి ఒక్కసారి ఉతికి కోటగోడ మీద ఆరేసేవారు. కాకులు వాలకుండా మంగిడమ్మ అనే ముసలావిడ కర్ర పుచ్చుకుని కాపలా కాసేది. ఎండ బాగుంటే ఒక్క పూటలో ఆరిపోయేది, మంత్రి మర్నాడు కొలువుకు వచ్చేవాడు. ఆ ఏడు మాత్రం ముసురు పట్టింది. మొదటి రోజు ఆరలేదు. రెండో రోజు ఆరలేదు. మూడో రోజూ ఆరలేదు. మూడు రోజులూ పాపం మంత్రి ఇంట్లోనే కూర్చున్నాడు.

పొగమల్లుడి దగ్గర ఒక చిలక ఉంది. అది కోటగోడ మీదుగా ఎగిరి, నేరుగా బజారుకు వెళ్ళి కూసింది.

"మంత్రి తలపాగా దించాడు! మంత్రి రాజీనామా చేశాడు!"

అంతే. ఉప్పు అంగడి దగ్గర అది చిన్న మాట. గానుగ దగ్గరికి వచ్చేసరికి రాజుగారే మంత్రిని గెంటేశారు. పడవల రేవు చేరేసరికి మంత్రి కాషాయం కట్టి కాశీ దారిలో మూడు ఆమడలు నడిచేశాడు! ఆయన ఇంట్లో కూర్చుని అటుకులు తింటున్నాడన్న సంగతి ఒక్కడికీ పట్టలేదు.

దొరలు ఊరుకుంటారా? చింతవాగు దొర, రేవుదిబ్బ దొర ఇంటికి పరుగెత్తాడు.

"ఏం బావా, ఇంకా గంధం కండువాలోనే ఉన్నావు?"

"ఏం, బాగాలేదా?"

"మంత్రి పని అయిపోయింది. ఇప్పటికే పదిమంది వంకాయ రంగుకు వెళ్ళిపోయారు."

"అయితే పదకొండోవాణ్ణి నేనే! పన్నెండోవాడికి మర్యాద ఉండదు."

"మరి ఈ గంధం కండువా?"

"పారేస్తానా, పిచ్చివాడా? నడుముకు చుట్టుకుంటాను. కాలం ఎలా తిరుగుతుందో ఏం తెలుసు!"

ఆ వారంలో మోదుగపురంలో వంకాయ రంగు గుడ్డ దొరకలేదు. అద్దకంవాళ్ళ చేతులు మోచేతుల దాకా వంకాయలయ్యాయి.

మంత్రి మేడ ఎక్కి గొంతు చించుకుని అరిచాడు. "నేను రాజీనామా చెయ్యలేదు!"

"చెయ్యకపోతే అంతలా ఎందుకు అరుస్తాడు?" అన్నారు కింద జనం.

ఈలోగా పొగమల్లుడు తాటిచెట్టంత అయ్యాడు. కోటగోడ మీదికి వంగి, రెండు వేళ్ళతో తలపాగా ఎత్తి చిలక ముక్కుకు అందించాడు. చిలక దాన్ని పట్టుకుని సముద్రం వైపు ఎగిరిపోయింది. ఇక మంత్రి కొలువుకు ఎలా వస్తాడు? వచ్చి ఎలా చెప్పుకుంటాడు?

రాజు తల పట్టుకున్నాడు. "కట్టుబాటు కట్టుబాటే. పున్నమినాడు కండువాలు చూస్తాను. గంధం రంగువి పదకొండుకు తగ్గితే మంత్రి పదవి పొగమల్లుడిది."

ఉత్పల ముగ్గురు రాజకుమారులనూ పిలిచింది. "ఇవాళ మంత్రి పోయాడన్నది పుకారు. పొగమల్లుడు మంత్రి అయ్యాక రేపు రాజు పోయాడంటాడు. మీ నాన్నగారు కళ్ళు తెరుచుకుని కూర్చున్నా సరే, పాడె కట్టేస్తారు! తలపాగా తెస్తేనే మా నాన్నా ఉంటాడు, మీ నాన్నా ఉంటాడు."

"అది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?" అన్నాడు గజవర్మ.

"మంగిడమ్మను అడిగాను. చిలక తూర్పు సముద్రం మీదుగా తీసుకుపోతుంటే చూసిందట. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, 'నన్నెవరడిగారమ్మా?' అంది."

పున్నమికి పన్నెండు రోజులుంది. మొదట గజవర్మ బయల్దేరాడు. ఒడ్డున ఒక బాటసారి ఎదురై "అయ్యో బాబూ, మీ నాన్నగారు మీ నడిమి తమ్ముడికి పట్టం కడుతున్నారు" అన్నాడు. గజవర్మ వెళ్ళినవాడు వెళ్ళినట్టే వెనక్కి పరుగెత్తాడు. తరవాత హయవర్మ వెళ్ళాడు. అదే బాటసారి "మీ అన్నగారికి పట్టం కడుతున్నారు బాబూ" అన్నాడు. హయవర్మ అంతకంటే వేగంగా పరుగెత్తాడు. ఇద్దరూ కోట గుమ్మంలో ఒకరినొకరు గుద్దుకున్నారు. ఆ చప్పుడుకు మూడు ఊళ్ళ అవతల ఆవులు తాళ్ళు తెంపుకున్నాయి. పైగా చెబితే సిగ్గుచేటు, ఇద్దరి భుజాల మీదా సాయంత్రానికల్లా వంకాయ రంగే!

ఇక మన శరభవర్మ. బయల్దేరుతుంటే ఉత్పల అడ్డం వచ్చింది.

"శరభా, దారిలో ఎవరేం చెప్పినా కోపం తెచ్చుకోకు, పరుగెత్తకు. మూడు ప్రశ్నలు అడుగు. నువ్వు చూశావా? ఎక్కడ చూశావు? నీ పక్కన ఎవరున్నారు?"

"అంతేనా? కత్తీ కవచం వద్దా?"

"కావాలంటే పట్టుకెళ్ళు, ఉత్త బరువు. అడగడం మాత్రం మరిచిపోకు."

ఒడ్డున బాటసారి సిద్ధంగా ఉన్నాడు. "అయ్యో బాబూ! ఉత్పలమ్మకు పొగమల్లుడితో పెళ్ళైపోయింది!"

శరభవర్మ నమ్మినంత పని చేశాడు. కాలు వెనక్కి పడబోయింది. పడబోయిన కాలును తిట్టి ఆపాడు.

"నువ్వు చూశావా?"

"చూడకపోవడమేమిటి బాబూ, పెళ్ళి భోజనం చేసే వస్తున్నాను."

"ఎక్కడ?"

"కోటలో. పప్పు, పులిహోర, బూరెలు."

"నీ పక్కన బంతిలో ఎవరు కూర్చున్నారు?"

బాటసారి నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఆ నోట్లోంచి మాటకు బదులు పొగ వచ్చింది. పొగ వచ్చీ వచ్చీ మనిషంతా పొగైపోయి గాలికి కొట్టుకుపోయాడు!

ఇసకలోంచి ఎవరో పకపకా నవ్వారు. చూస్తే ఒక తాబేలు. ఎంత తాబేలు? దాని వీపు మీద పందిరేసి పెళ్ళి చెయ్యొచ్చు.

"అబ్బాయ్, వెయ్యేళ్ళనుంచి ఈ ఒడ్డున ఉన్నాను, 'నీ పక్కన ఎవరు' అని అడిగినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఎక్కు. ఆ చిలక ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంది."

"తాతా, ఆ చిలకను చంపితే మాంత్రికుడు చస్తాడా?"

"ఛీ, అదేం బుద్ధి! వాడి ప్రాణం చిలక నాలుక చివర ఉంది. చంపితే ఇంకో నోట్లోకి దూకుతుంది. చిలక ఎప్పుడూ విన్నది కూస్తుంది, తోచింది కూస్తుంది. ఒక్కసారి, తను చూసింది చూసినట్టు చెప్పిందా, వాడి మంత్రం చెల్లిపోతుంది."

తాబేలు నిదానమని మీకెవరు చెప్పారు? అది నేలమీద సంగతి. ఉప్పు సముద్రం ఒక్క పూటలో దాటింది. చెరకు రసం సముద్రంలో శరభవర్మ మీసాలు అట్టకట్టాయి. కల్లు సముద్రంలో తాబేలు కాస్త రుచి చూసి మూడు రోజులు గుండ్రంగా తిరిగింది, అదొక్కటే ఆలస్యం. నెయ్యి సముద్రం చలికి పేరుకుపోయి ఉంటే దిగి నడిచారు. పెరుగు సముద్రంలో మా శరభవర్మ పెద్దగా నిట్టూర్చాడు, చద్దిమూట తెచ్చుకోనందుకు. పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం కునుకులో దాటిపోయాయి.

దీవి మధ్య ఒక మోడు. మోడు మీద గోపురమంత గూడు. గూడు కాదండీ, చుట్ట చుట్టిన తలపాగా! అందులో చిలక ముడుచుకుని కూర్చుంది.

"మంత్రి రాజీనామా చేశాడు! మంత్రి రాజీనామా చేశాడు!"

"నువ్వు చూశావా?" అన్నాడు శరభవర్మ.

చిలక తలతిప్పి చూసింది. దాన్ని ఇంతవరకు ఎవరూ ఏమీ అడిగి ఎరగరు. "చూశాను. తలపాగా దించి ఉంది."

"ఎక్కడ చూశావు?"

"కోటగోడ మీద."

"గోడ మీదా? సింహాసనం మూడో మెట్టు మీద కాదా?"

"గోడ మీదే. నా కళ్ళు నాకు తెలియవా?"

"నీ పక్కన ఎవరున్నారు?"

చిలక ఈకలు పెంచింది, దించింది. "ఎవరో ఉన్నారు. నన్ను ఏదో అన్నారు. మనిషిని చూస్తే గుర్తొస్తుంది."

"అయితే రా, చూద్దువుగాని. ఇక్కడ ఒక్కదానివీ ఉండి ఏం చేస్తావు?"

చిలక ఆ మాటకే ఎదురుచూస్తున్నట్టు వచ్చి భుజం మీద వాలింది. తలపాగాను తాబేలు డిప్ప చుట్టూ మూడు చుట్లు చుట్టి వెనక్కి తిరిగారు. ఈసారి కల్లు సముద్రంలో శరభవర్మ తాబేలు నోరు మూసి పట్టుకున్నాడు.

పున్నమి రానే వచ్చింది. కొలువు నిండింది. రాజు కండువాలు చూస్తున్నాడు. వంకాయ రంగు, వంకాయ రంగు, వంకాయ రంగు. గంధం రంగు కండువా ఒక్కటంటే ఒక్కటి, ఒక ముసలి దొరది. ఆయనకు చెవులు వినపడవు, అందుకని పుకారు చేరలేదు! పొగమల్లుడు ఎంత పెరిగాడంటే, తల కొలువుకూటం కప్పు చీల్చుకుని పైకి పోయింది. "పదవి ఇలా తెండి!" అన్న మాట మబ్బుల్లోంచి వినపడింది.

"ఆగండి నాన్నగారూ!" అని శరభవర్మ తాబేలుతో సహా లోపలికి వచ్చాడు.

ముందుగా రేవుదిబ్బ దొరను అడిగాడు. "మంత్రిగారు రాజీనామా చెయ్యడం మీరు చూశారా?"

"నేను చూడలేదు బాబూ. చింతవాగు బావ చెప్పాడు."

"మీరు చూశారా?"

"నేనెక్కడ చూశాను? పక్కాయన చెప్పాడు."

పక్కాయనకు ఆ పక్కాయన చెప్పాడు. అలా ఇరవై మందీ అయ్యారు. ఒక్కొక్కడు "నేను చూడలేదు" అన్నప్పుడల్లా పొగమల్లుడు జానెడు దిగాడు. వాడి గడ్డం కప్పులోంచి కిందికి వచ్చింది. చివరి దొర వేలెత్తి చూపాడు. "నాకు ఆ చిలక చెప్పింది!"

అప్పుడు ఉత్పల మంగిడమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. చిలక ఆమెను చూసి రెక్కలు టపటపా కొట్టుకుంది.

"ఈవిడే! ఈవిడే నా పక్కనుంది! కర్ర ఎత్తి, 'తడి తలపాగా మీద వాలావంటే తోక పీకుతా' అంది నన్ను!" అని, అక్కడ ఆగిపోయింది. "తడి... తడి తలపాగా... అయ్యో రామ! అది దించింది కాదు, ఆరేసింది!"

చూసింది చూసినట్టు చెప్పేసింది! పొగమల్లుడు తాటిచెట్టంతవాడు అరటిచెట్టంత అయ్యాడు, అరటిచెట్టంతవాడు వంకాయమొక్కంత అయ్యాడు. కండువాలో వాడెక్కడున్నాడో వెతికి తీయాల్సి వచ్చింది.

"నేను అప్పుడే అనుకున్నాను!" అన్నారు ఇరవై మంది దొరలూ. నడుముల్లోంచి గంధం కండువాలు బయటికి వచ్చాయి. రాజకుమారులిద్దరూ సిగ్గుపడి స్తంభం చాటున మార్చుకున్నారు. కండువా మార్చుకోవాల్సిన పని లేకపోయింది ఒక్కడికే, ఆ ముసలి దొరకు. ఆయన "ఏమైంది? ఏమైంది?" అని అడుగుతూనే ఉన్నాడు.

గుణనిధి తలపాగా చుట్టుకుని, అంటే సగం చుట్టుకుని, గడప తొక్కాడు. పొగమల్లుణ్ణి ఏం చేద్దామని రాజు అడిగితే "మంగిడమ్మకు వయసైపోతోంది, ఆరేసిన బట్టలకు కాకుల్ని తోలడానికి ఒకడు కావాలి" అన్నాడు. వాడు ఆ పని చక్కగా చేశాడు. చిలక మంగిడమ్మ ఇంట్లో చేరి జామపండ్లు తిని లావెక్కింది.

శరభవర్మకూ ఉత్పలకూ పెళ్ళయింది. పప్పు, పులిహోర, బూరెలు. పందిరి ఎక్కడ వేశారో మీరే చెప్పండి. ఆ! తాబేలు వీపు మీదే. మనవరాలు పుట్టాక గుణనిధి నిజంగానే తలపాగా తీసి మూడో మెట్టు మీద పెట్టాడు. బజారులో ఆ మాట చెబితే ఒక్కరూ నమ్మలేదు. "నువ్వు చూశావా? ఎక్కడ? నీ పక్కన ఎవరు?" అన్నారు. దొరలందరూ బజారుకు వచ్చి, చూశాం చూశాం అని చెప్పుకోవాల్సి వచ్చింది. మనవరాలు మాత్రం ఆ తలపాగాతో ఉయ్యాల కట్టించుకుని పన్నెండేళ్ళు ఊగింది. శరభవర్మ రాజై అరవై ఏళ్ళు ఏలాడు. ఆ అరవై ఏళ్ళూ పక్కవాడి పేరు చెప్పకుండా కబురు చెప్పినవాడికి ఆ రాజ్యంలో మజ్జిగ కూడా పుట్టలేదు.

మీరూ అడుగుతారని నాకు తెలుసు. చూశావా? చూశాను. ఎక్కడ? పెళ్ళి పందిట్లో, మూడో బంతిలో, నాకు బూరెలు ఏడు వేశారు. నా పక్కన ఎవరు? ఇప్పటికీ ఆ ఒడ్డునే ఇసకలో పడుకుని ఉంటాడు, వీపు మీద పందిరి రాటల గుంటలు నాలుగూ ఉంటాయి, వెళ్ళి వేలుపెట్టి చూసుకోండి. పేరు కూర్మయ్య.