చెలమలకు ఎగువన

ఆఫ్రికాలో ఒక ఏరుంది. ఏడాదిలో తొమ్మిది నెలలు అందులో ఇసుకే. ఏనుగులు ఆ ఇసుకను కాళ్లతో తవ్వి చెలమలు తీస్తే, ఊరిన నీళ్లు తాగి చుట్టుపక్కల జంతువులన్నీ బతికేవి. అక్కడి కట్టుబాట్లు ఒక ముసలి ఏనుగు పెట్టినవి. అందరూ దాన్ని ఏనుగవ్వ అనేవారు.

"తాగడానికి ఈ చెలమలు. దొడ్డికి మాత్రం దిగువన ఆ చెదపుట్ట దాటి వెళ్లాలి, ఎంత తొందరైనా సరే!" అని అవ్వ చెప్పింది. ముప్పై నలభై జంతువులున్నంత కాలం ఆ మాట సాగింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మేత ఎండిన మైదానాల నుంచి మందలకు మందలు వచ్చిపడ్డాయి. నెల తిరిగేసరికి ఏటి ఒడ్డున కాలు పెట్టే చోటు లేదు. చెదపుట్ట దారిలో ఒకటే తొక్కిసలాట.

అప్పుడు నక్కకు నాయకుడు కావాలన్న కోరిక పుట్టింది. కోరికలు దానికి కొత్త కాదు, పని చెయ్యడమే కొత్త.

వచ్చినవాళ్లలో ఒక జీబ్రా తల్లి ఉంది. ఇద్దరు పిల్లలతో బయల్దేరి ఒక్క ఆడపిల్లతో చేరింది. నక్క దానికి ఎదురెళ్లింది.

"ఏం చెల్లెమ్మా, ఈ పసిదాన్ని రోజూ అంత దూరం ఏం నడిపిస్తావు? ఎగువన ఆ గుంట ఉందిగా, అక్కడ కానివ్వండి. నాలుగడుగులు."

"చెలమలకు ఎగువన కదన్నా? అవ్వ ఒప్పుకోదటగా?"

"అవ్వ కాలం వేరు. పొడి ఇసుక తల్లీ! మురికికి కాళ్లున్నాయా, నడిచి రావడానికి?"

జీబ్రాకు కాళ్లు పీకుతున్నాయి. సరేనంది. మర్నాటి నుంచి పాతవాళ్లూ కొత్తవాళ్లూ అందరూ గుంటకే వెళ్లారు. నక్కన్న ఎంత మంచివాడో అని మెచ్చుకుని, దాని మాటే వినసాగారు.

పేడపురుగు ఒక్కటే మొత్తుకుంది. "నక్క బావా, నాకున్నవి ఆరు కాళ్లు. ఇంతమంది పెంట నేనొక్కదాన్ని ఎంతని దొర్లించను? అదంతా ఇసుకలోకి ఇంకిపోతోంది."

"నీ బతుకే పెంటలో. ఎక్కువైతే నీకే పండగ కదే!" అని నక్క అందరినీ నవ్వించింది.

ఏనుగవ్వకు సంగతి తెలిసింది. "నా మాట కాదన్నారుగా, అనుభవించనీ" అని అలిగి, ఆవలి గట్టున చెట్ల నీడకు వెళ్లిపోయింది. ఆ అలక తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇరవై రోజులు గడిచాయి. చెలమల్లో నీళ్లు ఎప్పటిలాగే తేటగా ఉన్నాయి. వాసన లేదు, రంగు మారలేదు. కానీ పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ముందు జింకపిల్లలు పడ్డాయి, తర్వాత జీబ్రా కూతురు. దాని కళ్లు లోపలికి పోయాయి. దాహం, దాహం అంటుంటే తల్లి చెలమ దగ్గరికి నడిపించుకెళ్లి గుక్క తర్వాత గుక్క తాగించింది. మూడోనాడు మధ్యాహ్నం పిల్ల తల్లి కాళ్ల మీద తల పెట్టుకుంది. మళ్లీ ఎత్తలేదు.

నక్క పిల్లకూ జబ్బు చేసింది. నక్క హడలిపోయి, తప్పు మొయ్యడానికి ఎవరు దొరుకుతారా అని చూసింది.

"ఈ రోగం వలసవాళ్లు తెచ్చిందే! ఎల్లుండి పొద్దుటికల్లా వీళ్లంతా ఏరు ఖాళీ చెయ్యాలి!"

ఏరు దాటితే మూడు రోజుల నడకలో చుక్క నీరు లేదు. వెళ్లడమంటే చావడమేనని అందరికీ తెలుసు. అయినా పాతవాళ్లు నోరెత్తలేదు.

పేడపురుగు ఎగురుకుంటూ అవ్వ దగ్గరికి పోయింది. "అవ్వా, అలక తర్వాత తీర్చుకుందువు గానీ లే. పిల్లలు పోతున్నారు!"

ఏనుగవ్వ తన మందతో వచ్చింది. ఏనుగులు అందరూ చూస్తుండగా కలబంద మొక్కలు పెరికి, ఎగువ గుంటలో వేసి తొక్కి, తొండాలతో నీళ్లు పోశాయి.

"అవ్వకు మతి పోయింది" అంది నక్క.

"పోనీలే. గుంటకు దిగువన నువ్వు రోజూ తాగే నీ చెలమ నీళ్లు మంచివేనా?"

"ఈ ఏటికంతా మేలైన చెలమ నాది!"

"అయితే రేపు అందరి ముందూ తాగి చూపించు. నీళ్లు బాగుంటే వలసవాళ్లను నేనే పంపేస్తాను."

మర్నాడు అందరూ చేరారు. నక్క ఛాతీ విరుచుకుని పెద్ద గుక్క తాగింది. మరుక్షణం మొహం వంకర్లు పోయింది. తుపుక్కున ఉమ్మేసింది.

"చేదు! ఎవరో నా చెలమలో కలబంద కలిపారు!"

"నీ చెలమ దరికి ఎవరూ రాలేదు. నిన్న గుంటలో వేసింది ఇవాళ నీ నోట్లోకి వచ్చింది. పైన ఇసుక ఎండినా, కింద ఏరు పారుతూనే ఉంటుంది. గుంటలో మీరు వదిలిందంతా ఈ దారినే వచ్చింది" అంది అవ్వ.

జీబ్రా తల్లి ముందుకొచ్చింది.

"నా పిల్లకు చేదు తగల్లేదు నక్కన్నా. 'తియ్యగా ఉన్నాయమ్మా, ఇంకా తాగుతా' అంది. నేనే తాగించాను."

నక్క తల దించుకుంది. ఏనుగవ్వా దించుకుంది. "నాకు తెలిసీ అలిగి కూర్చున్నానమ్మా. ఇంతమంది వచ్చినప్పుడు దిగువన ఇంకో రెండు దారులు వేయించాల్సింది నేనే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

వలసవాళ్లు ఉండిపోయారు. ఆ పూటే దిగువన కొత్త దారులు వేశారు, గుంటకు బాగా ఎగువన కొత్త చెలమ తవ్వారు. దాని ముందు వరస కట్టారు. తను వెళ్లగొట్టబోయినవాళ్ల వెనక, అందరికన్నా చివర నక్క నిలబడింది. వరసలో అందరికన్నా ముందు నిలబడ్డ జీబ్రా తల్లి వెనక్కి చూసి పక్కకు తప్పుకుంది.

"ముందు నువ్వు పట్టుకెళ్లు. పిల్ల ఎదురుచూస్తుంటుంది."

నక్క నోటినిండా నీళ్లు పట్టుకుని పరుగెత్తింది. అది వెళ్లేసరికి ఆ నీళ్లు తాగడానికి పిల్ల లేదు.

ఎగువన తన సుఖం చూసుకునేవాడు, దిగువన తాగేది తన బిడ్డలే అని మరవకూడదు.