గంభీరయ్య గుహలో నిప్పు కాపలా పరీక్ష

పిల్లలూ, ఈ కథలో ఏది ముందు జరిగిందో ఏది తరవాత జరిగిందో ఈమధ్య నాకు తారుమారవుతోంది. కథ కూడా మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. వరస ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదువుకోండి.

అనగనగా రెండు కొండల నడుమ ఒక ఎండుగడ్డి అడవి. అక్కడివాళ్ళకి పులికన్నా నిప్పంటే ఎక్కువ భయం. వేసవి వచ్చిందంటే ఎక్కడో ఒకచోట గడ్డి అంటుకునేది. అందుకని ఏటా ముగ్గురిని నిప్పు కాపలాకి పెట్టుకునేవాళ్ళు. ఆ ముగ్గురినీ ఎంచే పని రాచమ్మ అనే ముసలి తాబేలుది.

రాచమ్మ పరీక్ష చాలా చిన్నది. పనికోసం వచ్చినవాళ్ళని వాగు ఒడ్డున, అందరి ముందూ, కళ్ళు మూసుకుని కూచోమనేది. ఎక్కడో దూరాన ఒక కొండముచ్చు గుప్పెడు ఆకులు రాజేసేది. పొగ వాసన పట్టి ముందుగా అరిచిన ముగ్గురికీ పని. ఓడినవాళ్ళు నోరెత్తేవాళ్ళు కాదు. అందరూ చూశారు కదా! ఇంతా చేస్తే ఖర్చు గుప్పెడు ఆకులు.

ఏటా అందరికన్నా ముందు అరిచేది సింగారి అనే తీతువుపిట్ట. తీతువులు చెట్టుమీద గూడు కట్టుకోవు, నేలమీదే గుడ్లు పెడతాయి. నిప్పొస్తే ముందు పోయేవి ఆ గుడ్లే. అందుకే సింగారి ముక్కు అంత చురుకు.

ఆ అడవికి పెద్ద భూపతి అనే ఏనుగు. కాసేపు నిలబడి పరీక్ష చూడాలన్నా అతనికి మహా విసుగు. ఆ విసుగుని గంభీరయ్య అనే నక్క కనిపెట్టాడు.

"ఏలినవారికి ఈ చిల్లర పనులేమిటండీ? కాంట్రాక్టు నాకివ్వండి. నా గుహలో పద్ధతిగా పరీక్ష పెడతాను. పెద్ద పెద్ద అడవులన్నీ ఇప్పుడిలాగే చేస్తున్నాయి" అన్నాడు.

"ఏమాత్రం అవుతుందోయ్?"

"ఎంతోనా! కొట్లో ఉన్న ఇప్పపువ్వులో సగం."

ఆ కొట్టు అడవి అందరిదీ. వేసవిలో మేత దొరకనప్పుడు పిల్లలకి పెట్టడానికని ప్రతివాళ్ళూ ఏరి తెచ్చి దాచిన పువ్వు అది. భూపతి తెచ్చింది ఒక్క రేకు కూడా లేదు. కాబట్టి ఇవ్వడానికి అతనికేమీ కష్టం అనిపించలేదు. తడిమట్టిలో పాదం నొక్కి ఒప్పందానికి ముద్ర వేసేశాడు.

"నువ్వింక హాయిగా నిద్రపో రాచమ్మా" అన్నాడు తాబేలుతో.

"నాకు నిద్ర తక్కువైందని ఎవరన్నారు?" అంది రాచమ్మ.

సింగారి గుహలో పరీక్షకి వెళ్ళింది. గంభీరయ్య ఎత్తైన రాయిమీద కూచుని మూడు ప్రశ్నలు అడిగాడు.

"భూపతిగారి తాతగారి దంతం పొడవెంత?"

"నేను చూడలేదండీ."

"పెద్దలు ఎదురైతే ఎన్నిసార్లు వంగాలి?"

"కాపలాలో ఉంటే ఒక్కసారీ వంగను. వంగితే దూరం కనపడదు."

"కాపలాదారుడి ముఖ్య లక్షణం ఏమిటి?"

"అరవడం. అయ్యా, పొగ వాసన పరీక్ష ఎప్పుడు పెడతారు?"

"గుహలో పొగా! అందరికీ దగ్గొస్తుంది" అని గంభీరయ్య విసుక్కున్నాడు.

మర్నాడు ఎంపికైనవాళ్ళ పేర్లు చెప్పారు. ముగ్గురూ గంభీరయ్య మేనల్లుళ్ళే. అందులో ఒకడికి పుట్టినప్పటినుంచీ జలుబు. సింగారి గురించి మాత్రం ఒకే మాట: "ఊరికే అరిచే స్వభావం. పనికిరాదు."

సింగారి నేరుగా గంభీరయ్య దగ్గరికే పోయింది. "మా పువ్వు తీసుకున్నారు. ఎవరిని ఎందుకు ఎంచారో చెప్పండి" అంది.

"అది మా సంస్థ సొంత వ్యవహారం. బయటివాళ్ళకి చెప్పం."

"నేను బయటిదాన్నా? ఆ పువ్వు ముక్కున కరుచుకుని ఒక్కొక్కటే మోశాను."

"నాకిచ్చింది భూపతిగారు. ఆయన్నడుగు."

భూపతి దగ్గరికి వెళితే, "ఎంచింది గంభీరయ్య. నన్నడుగుతావేమే? అతన్నడుగు" అన్నాడు.

మూడోసారి ఇద్దరూ ఒకచోట ఉండగా పట్టుకుని అడిగింది. ఏనుగు తొండం నక్కని చూపించింది. నక్క తోక ఏనుగుని చూపించింది. సింగారి గూటికి వెళ్ళి తన నాలుగు గుడ్లమీద కూచుంది. అవి పగలడానికి ఇంకా నాలుగురోజులుంది.

రెండోరోజు మధ్యాహ్నం పడమటి గాలిలో పొగ వాసన వచ్చింది. సింగారి రివ్వున లేచి, గొంతు చించుకుని అరిచింది. "నిప్పు! పడమటి కొండన నిప్పు!"

దుప్పి తలెత్తి చూసింది. "కాపలావాళ్ళు అరవలేదుగా?"

"పని దొరకలేదని ఉక్రోషం, పాపం" అంది అడవిపంది.

భూపతి చెవులు విసురుకుంటూ అన్నాడు: "సంస్థ నుంచి కబురు రానిదే కదిలితే పద్ధతేముంది? గంభీరయ్యని కనుక్కుని రండి."

కుందేలు పరుగెత్తింది. గుహలో ముగ్గురు మేనల్లుళ్ళూ పొట్టలనిండా ఇప్పపువ్వు తిని గుర్రుపెడుతున్నారు. గంభీరయ్య గుమ్మంలోనే నిలబడి, "మా కాపలాదారుల లెక్క ప్రకారం పొగ లేదని చెప్పు" అన్నాడు. కుందేలు ఆ మాట దగ్గుతూ వచ్చి చెప్పింది. అప్పటికే పొగలో దాని మొహం ఎవరికీ కనిపించడంలేదు.

అప్పుడు పరుగెత్తారు అందరూ. వాగులో పడి ప్రాణాలు దక్కించుకున్నారు. కొట్టు కాలిపోయింది. సింగారి రెక్కల కొసలు మాడేదాకా గుడ్లమీద ఎగిరింది. పిట్ట రెక్కలకి ఆరే నిప్పా అది! నాలుగు గుడ్లూ పోయాయి.

మర్నాడు బూడిదలో అందరూ చేరారు.

"తప్పంతా ఈ గంభీరయ్యది!" అన్నాడు భూపతి.

"ఒప్పందంలో ఎంచడమే ఉందండీ. వాసన పట్టేవాళ్ళనే ఎంచాలని లేదు. కింద ముద్ర తమరి పాదానిదే" అన్నాడు గంభీరయ్య ఎంతో మర్యాదగా. మేనల్లుళ్ళని వెంటేసుకుని అప్పుడే వెళ్ళిపోయాడు. పక్క అడవివాళ్ళు పిలిచారట, అనుభవం ఉన్నవాడని.

"విన్నారుగా, ఇందులో నాదేమీ లేదు" అని భూపతి కూడా వెనుదిరిగాడు. సింగారి అతని పాదాల ముందు వాలింది.

"తొక్కుతాను, తప్పుకోవే పిట్టా!"

"తొక్కండి. పోగొట్టుకోవడానికి నాకింకేం మిగల్లేదు. పని గంభీరయ్యకిచ్చారు. జవాబు కూడా అతనికే ఇచ్చేశారా?"

"నేను ఎవర్నీ ఎంచలేదు!"

"ఎంచేవాణ్ణి ఎంచింది మీరేగా? మా పిల్లల మేతలో సగం ఇచ్చారు. దానికి మాకేం వచ్చిందో చెప్పండి."

రాచమ్మ మెల్లగా వచ్చి సింగారి పక్కన కూచుంది. తరవాత దుప్పి వచ్చి కూచుంది. అడవిపంది తల దించుకుని వచ్చి కూచుంది. చూస్తూండగానే భూపతి చుట్టూ అడవంతా కూచుంది. కదలడానికి అతనికి దారి లేదు.

"ఏమీ రాలేదు" అన్నాడు భూపతి తొండంలోనే గొణుక్కుంటూ.

"వినపడలేదు. వెనకున్న కుందేళ్ళకి కూడా వినపడేలా చెప్పండి" అంది సింగారి.

నీతి: పదిమంది సొత్తుతో చేయించే పనిని ఎవరిచేతికైనా ఇవ్వొచ్చు, దానికి జవాబు చెప్పే పనిని మాత్రం ఎవరికీ అంటగట్టలేం.

అమ్మాయ్ వైదేహీ, పిల్లలకి చదివేముందు పేర్లు ఒకసారి సరిచూడమ్మా, తాబేలు రాచమ్మేనా, ఏనుగు భూపతేనా అని. నక్క పేరు చూడక్కర్లేదు, అది నాకు బాగానే గుర్తుంది.