కోకిల పాటకి చరణం ఎందుకు లేదు

ఒకప్పుడు కోకిల పాటకి చరణం ఉండేది. ఆ పాట కట్టింది చుక్కమ్మ. ఒళ్లంతా తెల్లచుక్కలున్న ఆడకోకిల. వయసు నాలుగేళ్లు. ముక్కుని వేపకొమ్మకి అటూ ఇటూ రుద్దుకుంటే గానీ నోరు విప్పేది కాదు.

ఆ పాట కట్టక ముందు యేడు ఆమె గూటికి పాము వచ్చింది. గూట్లో ఒకే ఒక్క పిల్ల. చుక్కమ్మ ముక్కుతో పొడిచింది. రెక్కలతో కొట్టింది. గొంతు పోయేలా అరిచింది. పాము తన పని కానిచ్చుకుని దిగిపోయింది.

ఆ తర్వాత చుక్కమ్మ ఒంటరిగా కూర్చుని పాట కట్టుకుంది. పల్లవిలో పిల్లని పిలిచింది. చరణంలో ఆ పిల్ల ఎలా ఉండేదో చెప్పింది. రెక్క కింద దాని వెచ్చదనం, ఎర్రగా తెరుచుకునే నోరు, ఇంకా మొలవని తోక. చరణం చివర ఒక మలుపు పెట్టింది. దుఃఖంలోకి దిగినవాళ్లు ఆ మలుపు పట్టుకుని మళ్లీ పల్లవి దగ్గరికి ఎక్కి రావాలి. అది లేకపోతే అక్కడే ఉండిపోతారు.

"బాగుందే," అన్నాడు మొగుడు నల్లయ్య. "కానీ ఆడది చిటారుకొమ్మ ఎక్కి పాడితే నలుగురూ ఏమనుకుంటారు? పల్లవి నాకు నేర్పు. నీ పేరు చెప్పే పాడతాలే."

చుక్కమ్మ నమ్మింది. నేర్పింది.

వసంతం రాగానే పిట్టలన్నీ కొలువు తీరాయి. నల్లయ్య పల్లవి ఎత్తాడు. "కూ... ఊ!" వడ్రంగిపిట్ట ఎండిన మోడు మీద తాళం వేసింది. చిలకలు ఈలలు వేశాయి.

"ఎవరు కట్టారు బావా ఈ పాట?" అని అడిగింది గోరింక.

నల్లయ్య మెడ సాచాడు. "ఇంకెవరు? నేనే."

చుక్కమ్మ ఆకుల్లోంచి బయటికొచ్చింది. "ఆ పాట నాది. మిగతాది వినండి," అని చరణం ఎత్తుకుంది. పిల్ల నోరు తెరిచే చోటికి వచ్చేసరికి చిలక అడ్డుపడింది.

"అబ్బ, పండగపూట ఏడుపేంటి చుక్కక్కా? ఇది ఆ పాట కానే కాదు. ఆ పాట కూ ఊ అని ఉంటుంది."

"అది పల్లవి. ఇది చరణం."

"మొగుడు పాడుతుంటే ముచ్చటపడింది పాపం," అంది గోరింక.

పిట్టలన్నీ పకపకా నవ్వాయి. నల్లయ్య కూడా నవ్వాడు.

మర్నాడు అదే కొలువు. విన్నదే విని విని పిట్టలకి విసుగొచ్చింది. "తర్వాతేంటి బావా?" అని అరిచాయి. నల్లయ్య పరుగున పెళ్లాం దగ్గరికి వచ్చాడు.

"ఆ చరణం చెప్పవే. నలుగురిలో పరువు పోతోంది."

"పాము వచ్చిన పొద్దున నువ్వెక్కడున్నావు?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"పక్క చెట్టు మీదే. ఏదో పాత పాట పాడుకుంటున్నా."

"నా అరుపు వినపడలేదా?"

"వినపడింది. పాట మధ్యలో ఎలా ఆపను?"

చుక్కమ్మ అతని వంక చూసింది. ఆ బిడ్డ ఇంకా ఎక్కడైనా ఉందంటే, ఆ చరణంలోనే ఉంది. దాన్ని ఈ నోట్లో పెడితే రేపు ఆ దుఃఖం కూడా తనదేనంటాడు. చిలకలు ఈలలు వేస్తాయి.

ఆమె చరణాన్ని ముక్కలు ముక్కలుగా తుంచింది. మలుపునీ తుంచింది. ఇంకెవరూ అతకలేనంత చిన్నవి చేసి, అన్నీ మింగేసింది.

"ఏం చేశావే?" అన్నాడు నల్లయ్య.

ఆమె ఏదో చెప్పబోయింది. "కిక్ కిక్ కిక్" అని మాత్రమే వచ్చింది.

నల్లయ్య కొలువుకి తిరిగివెళ్లి పల్లవి ఎత్తాడు. ఆ తర్వాత దారి తెలియలేదు. గొంతు ఇంకా పెంచాడు. ఇంకా పెంచాడు. ఇక చీలిపోతుందనగా టక్కున ఆగి, మళ్లీ మొదటికొచ్చాడు.

అప్పటినుంచే మగకోకిల ఒక్క పల్లవినే పైపైకి ఎత్తి మధ్యలో తెంపేస్తుంది. లోకం దాన్నే మధురగానం అంటుంది. ఆడకోకిల కిక్ కిక్ అంటుంది. దాన్ని పాట అని ఎవరూ అనరు.

చుక్కమ్మ మళ్లీ గూడు కట్టలేదు. ఆ యేటి గుడ్లు కాకి గూట్లో పెట్టి వెళ్లిపోయింది.